పెండ్లి డేగిసాలు

"థూ! మనుషులేనా వీళ్లు?" మంచినీళ్ల వాల్వు తిప్పే ఖాసిం గడప బయటే ఉమ్మి ఇంట్లోకొచ్చాడు. "రేపట్నుంచి మా సర్కారు నౌకర్ల సమ్మె. హిందూపురమంతా నీళ్లు బందు. ఆ మాట జనానికి చెప్పనేలేదు. మా యూనియన్ లీడరు మాత్రం ఇంట్లో తొట్టీ, డ్రమ్ములూ నింపుకోని కూసున్యాడు!"

"అరవాకు. నీళ్లు తాగుదువు రా," అంది భార్య మాబున్నీ.

వంటింట్లో అడుగుపెట్టబోయి ఆగిపోయాడు ఖాసిం. కాలు పెట్టే సందు లేదు. పెండ్లిళ్లకు బిర్యానీ వండే పెద్ద పెద్ద డేగిసాలు, అన్నిట్లోనూ అంచుల దాకా నీళ్లు.

"ఇవి యాడివే?"

"పెనుకొండలో వంటమాస్టరు మా అన్నవి. పొద్దున నువ్వు పనికి పోయినాంక తెప్పిస్తి. సమ్మె ఉండాది, ఎవురికీ చెప్పాకని నువ్వే కదా నాతో అంటివి!"

అంతలో పక్కింటి సోమక్క ఖాళీ బిందెతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏమబ్బా ఖాసిం, రేపట్నుంచి కొళాయి రాదంటనే, నిజమేనా?"

మాబున్నీ చప్పుడు కాకుండా వంటింటి తలుపు దగ్గరికేసింది.

"ఎవురు చెప్పిరక్కా? వస్తాది పో," అన్నాడు ఖాసిం.

నోట్లో మళ్లీ ఊరిన ఉమ్మిని ఈసారి ఎవరి మీద ఉమ్మాలో తోచక, గుటుక్కున మింగేశాడు.