పంజు బొమ్మ

"అమ్మా, ఇది పిల్లి కాదు, దూడ!"

పాప పకపకా నవ్వింది.

ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైంది. వంటింట్లో ఉన్న రుక్మణి గరిటె వదిలేసి పరుగున వచ్చింది.

ఎనిమిదేళ్ల పాప వానల ముందు మంచం పట్టింది. ఛాతీలో జబ్బు. పిల్లి వెంట్రుకలు ఊపిరికి మంచివి కావని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి పాప ప్రాణంగా పెంచుకున్న తెల్లపిల్లికి గదిలో చోటు లేకపోయింది. దూదిలా ఉంటుందని దానికి పంజు అని పేరు పెట్టింది పాపే. అరవంలో పంజు అంటే దూది.

అరవదేశంలోని ఆ రాజపాళయంలో, తెలుగు రాజుల ఇళ్లలో వేటకుక్కలకే మర్యాద. పాప మాత్రం పిల్లే కావాలంది.

కిటికీ అవతల ఆరబోసిన పత్తి మీద పంజు పల్టీలు కొడుతుంటే చూస్తూ పడుకునేది. అది ఎటో వెళ్లిపోతే గోడవైపు తిరిగిపోయేది. ఇక ముద్ద ముట్టేది కాదు.

"పంజు బొమ్మ ఒకటి గీయించి గోడకు మాట్టుదాము. ఎప్పుడూ కళ్ల ముందర ఉంటాది" అంది రుక్మణి.

ఆమె భర్త విజయరాఘవ రాజా ఆ మాట సరిగ్గా వినలేదు. యుద్ధంలో సిపాయిలకు బ్యాండేజి గుడ్డ నేయించే పని అతనిది. మగ్గాల షెడ్డు వదిలి ఇంటికి రావడమే కష్టంగా ఉంది.

"సరి, నీ ఇష్టం" అన్నాడు.

పక్కనున్న చోళపురంలో తన చెల్లెలి ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన బొమ్మలు గీస్తాడని ఎవరో చెప్తే, రుక్మణి పిలిపించింది. పేరు కన్నుసామి. మాసిన పంచె, భుజాన గుడ్డసంచి.

ఆయన గీసిన మొదటి పిల్లే ఆ దూడ.

మరునాడు చెవులు బారెడయ్యాయి.

"తాతా, ఇది కుందేలు!"

"కుందేలు మాదిరి ఉండాదా? నీ పంజు ఒక్క చోట నిలిస్తే కదా పాపా! రేపు బాగా గీస్తాను, చూడు."

ఆ తర్వాతి పిల్లికి పోలీసాయన మీసాలు వచ్చాయి. పాప నవ్వి నవ్వి దగ్గింది. దగ్గు ఆగాక మళ్లీ నవ్వింది.

"తోక ఎక్కడ పెట్టేది? నాకు తెలియలేదు. నువ్వు అన్నం తిని చెప్పు" అనేవాడు కన్నుసామి.

పాప తినేది.

దగ్గరి చుట్టాలు కూడా గడప బయట నిలబడి పలకరించి వెళ్లే గది అది. ఆయన మాత్రం మంచం పక్కనే చాప వేసుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం రాజా షెడ్డు నుంచి వచ్చి ఆ కాగితాలు చూశాడు. ముఖం ఎర్రబడింది. కన్నుసామిని వాకిట్లోకి పిలిచాడు.

"ఏమయ్యా ఇది? పిల్లికి కొమ్ములా?"

"చెవులు రాజా."

"ఇన్ని దినాలు కూర్చుని ఇదా గీసింది? నా బిడ్డ ఉండే స్థితి ఏమి, నీ ఆటలు ఏమి? గీయను రాకుంటే రాదని చెప్పి పోయి ఉండాల!"

కన్నుసామి ఏదో చెప్పబోయి కిటికీ వైపు చూశాడు. పాప ఊచలు పట్టుకుని వింటోంది.

"పిల్లి నాకు రాలేదు రాజా" అన్నాడు తల వంచుకుని.

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఆయన్ను మళ్లీ లోపలికి విడవద్దు" అని కాపలా ఉన్న మాడసామికి చెప్పాడు రాజా.

"తాత రాలేదా అమ్మా?" అని పాప రోజూ అడిగింది. తర్వాత అడగడం మానేసి గోడవైపు తిరిగింది.

కార్తీకం దాటలేదు. పాప పోయింది.

ఇంట్లో ఆ బిడ్డ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందని నాయనమ్మ ఎప్పుడూ తీయనివ్వలేదు. రుక్మణి మాట్లాడటం మానేసింది. పంజును చూస్తే చాలు, లోపలికి వెళ్లి తలుపు వేసుకునేది.

ఎండాకాలంలో రాజా మదురై వెళ్లి ఒక ఫోటో స్టూడియో మెట్లెక్కాడు.

"మాది రాజపాళయం. నా బిడ్డ బొమ్మ కావాల. ఫోటో లేదు. గుర్తులు మేము చెప్తాము. గీసేవాళ్లు ఎవరన్నా ఉండారా?"

"ముఖం చూడకుండా ఎట్లా గీసేది రాజా?" అన్నాడు స్టూడియో యజమాని బాలసుబ్రహ్మణ్య.

జవాబు చెప్పబోయిన రాజా చూపు ఎదుటి గోడ మీద ఆగిపోయింది.

ఆరబోసిన పత్తి. దాని మీంచి గాలిలోకి ఎగిరిన తెల్లపిల్లి. ఒక దూదిపింజను అందుకోబోతూ చాచిన ముందరికాళ్లు. మరుక్షణం తన మీదికే దూకుతుందేమో అన్నట్టుంది.

పంజు!

దాని వెనక కిటికీ. ఊచలు పట్టుకున్న రెండు చిన్న చేతులు. అవి పాప చేతులే. ముఖం ఉండవలసిన చోట మాత్రం రంగు పడని వట్టి బట్ట.

"ఇది... ఎవరు గీసినారు?"

"మా గురువు, కన్నుసామి అని. ఎన్నో సంస్థానాల్లో రాజుల బొమ్మలు గీసిన చేయి. మాసి నెలలో, శివరాత్రి దాటినాక పోయినాడు."

"ముఖం వేయలేదే?"

"ఆ పాప నవ్వేది ఇంకొకసారి చూసి వేస్తానని మీ ఊరికే పోయినాడు రాజా. వాకిట్లోనే నిలిపేసినారంట. తిరిగి వచ్చి గోడకు మాట్టేసినాడు, మళ్లీ ముట్టలేదు."

రాజా బెంచీ మీద కూర్చుండిపోయాడు.

"ఆయనకు చూపు తక్కువా? చేయి వణికేదా? గీసేటప్పుడు... తప్పులు వచ్చేవా?"

బాలసుబ్రహ్మణ్య ఆశ్చర్యంగా చూశాడు.

"తప్పులా? చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే ఉండినాను రాజా, ఆ చేతిలో ఒక్క గీత తప్పు పోయింది నేను చూడలేదు."