కొక్కెం దేనికి?

"ఇంజను ఆపు. ఇంకా కూరుకుపోతున్నాం!" అని అరిచాను.

హిలాల్ విసురుగా దిగి, ఇరుక్కున్న బండిని లాగేందుకు ముందు బిగించిన కొత్త వించ్ మోటారు నుంచి తాడు లాగాడు. కొక్కెం పట్టుకుని చుట్టూ చూశాడు. షర్కియా ఎడారి ఇసుకలో చెట్టూ లేదు, బండరాయీ లేదు.

"దేనికి తగిలిస్తావు, నా మెడకా?"

"నోరు మూసుకో జువైనా!"

"ఏడాదంతా దుకాణాల చుట్టూ తిరిగావు. ఉక్కు తీగ తెగితే ప్రాణం తీస్తుందన్నావు, ఆ మోటారు వేడెక్కుతుందన్నావు, దీని బ్రేకు జారుతుందన్నావు. కొక్కెం దేనికి తగిలించాలో మాత్రం అడగలేదా?"

"స్టెప్నీ ఇసుకలో పాతి, దానికి కట్టొచ్చు."

"తియ్యి మరి."

మా ఆయన తల దించుకున్నాడు. "వించే బరువుగా ఉందని... స్టెప్నీని ఇంట్లో దింపేశాను."

ఒళ్ళు మండిపోయింది. దిబ్బెక్కి ఫోన్ చేశాను.

"ఎవరికే?"

"బావగారికి."

"అన్నయ్యకా! ప్రతిసారీ తోడు రమ్మని ఆయన్ని బతిమాలలేకే కదా ఇది కొన్నాను!"

నభాన్ బావగారు వచ్చారు. తిడతారనుకున్నాం. ఆయన వించ్‌ని తడిమి చూసి, "మంచిదే ఏరావురా," అన్నారు. తన పాత బండిని గట్టి నేల మీద నిలిపి, కొక్కెం తానే దానికి తగిలించుకున్నారు. తెగినా తాడు తమ్ముడి మొహం మీదికి ఎగరకుండా, దాని మీద తన శాలువా కప్పారు. తర్వాత బండెక్కి, బ్రేకు తొక్కిపట్టి కేకేశారు.

"లాగరా! నేనెక్కడికీ పోను."