నాలుగో టేక్

“నీ చేతులకు పక్షవాతం వచ్చిందా?” అన్నాడు గాయకుడు.

అడిగింది డ్రమ్ములు వాయించే బావమరిదిని. మూడో టేక్ మధ్యలో పాట ఆపేసి, హెడ్‌ఫోన్ పీకి స్టాండుకు తగిలించి, స్టూడియో నడవాలోకి వచ్చి మరీ అడిగాడు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. రాక్ పాటల అభిమానులు ‘ఉరుము’ అని పిలుచుకునే గొంతు. ఆ గొంతు నడవాలో లేచేసరికి పక్క గదుల వాళ్ళు తలలు బయటపెట్టి, అంతలోనే లోపలికి లాక్కున్నారు.

డ్రమ్ముల గదిలోంచి బయటికొచ్చిన బావమరిది చేతిలో కర్రలు అలాగే ఉన్నాయి.

“నేను సరిగ్గానే వాయిస్తున్నాను బావా. నువ్వే వెనకబడుతున్నావు. రెండో చరణానికొచ్చేసరికి జానెడు వెనకున్నావు.”

“పాట రాసింది నేను. బాణీ కట్టింది నేను. నా పాటలో నేను వెనకబడతానా? కట్టెలు కొట్టేవాడిలా కొడుతూ మళ్ళీ నాకు నేర్పుతున్నావు.”

మాటా మాటా పెరిగింది. గాయకుడు అతని వయసు ఎత్తిపొడిచాడు. టీ కప్పు పట్టుకుంటే వణికే మణికట్టును ఎత్తిపొడిచాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మీ అక్క మొహం చూసి నలభై ఏళ్ళు నిన్ను భరించాను, ఆవిడా పోయింది, ఇక ఆ మొహమాటం కూడా లేదన్నాడు.

బావమరిది మొహం నల్లబడింది. “అక్కని మధ్యలోకి లాగకు.”

“లాగుతాను. ఏం చేస్తావు?”

గాయకుడి కూతురు కంట్రోల్ రూమ్‌లోంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఈ ఆల్బమ్ చేయిస్తున్నది ఆమే. తొమ్మిది పాటలు అనుకున్నారు. మూడు వారాలు గడిచినా ఒక్కటీ తెమల్లేదు. తండ్రి నోరు, తల్లి ఓపిక కలిపి పుట్టిన మనిషి ఆమె. ఆ పూట ఓపిక అయిపోయింది.

“మామయ్య చేతులైనా పోయి ఉండాలి, నీ చెవులైనా పోయి ఉండాలి నాన్నా. చేతులైతే రేపటికి ఇంకొకరిని పెడతాను. చెవులైతే ఆల్బమ్ ఇవాళే ఆపేస్తాను.”

“నా చెవులు చీమ నడిచినా వింటాయి.”

“అయితే ఇంకొక్క టేక్. మధ్యలో ఆపకుండా చివరిదాకా పాడు. అయ్యాక డ్రమ్ములెలా ఉన్నాయో నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాన్ని బట్టే తేలుస్తాను.”

గాయకుడికి ఇంతకంటే కావలసిందేముంది. పదకొండో ఆల్బమ్. దీని తర్వాత ఇంకొకటి ఉండదని అతనికి తెలుసు. దీన్ని ఎవడి చేతుల వణుకుకో బలిపెట్టేది లేదు. సరేనన్నాడు. బావాబావమరుదులు ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరో వైపు తిరిగారు.

ఆ స్టూడియోలో గాయకుడిదొక గది, డ్రమ్ములదొక గది. ఒకరి చప్పుడు ఒకరి మైకులో పడకుండా మధ్యన మందపాటి గోడ. గాయకుడికి అద్దంలోంచి కంట్రోల్ రూమ్ ఒక్కటే కనబడుతుంది. డ్రమ్ములైనా, ముందే రికార్డు చేసిపెట్టిన గిటారైనా హెడ్‌ఫోన్‌లో వినాల్సిందే.

అతను హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. శబ్దం పెంచమని వేలు పైకి చూపించాడు. ఇంతకంటే పెరగదని సౌండ్ ఇంజనీరు చేతులు తిప్పాడు. అద్దం అవతల కూతురు ఇంజనీరుతో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ అదే మాట గట్టిగా అన్నట్టుంది. తన గురించే గుసగుసలని గాయకుడికి ఒళ్ళు మండింది. ఎర్ర దీపం వెలిగింది.

కర్ర మీద కర్ర, నాలుగు దెబ్బలు. ఆ వెనక కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము, బండరాయి దొర్లినట్టు. గాయకుడు ఊపిరి బిగబట్టి అందుకున్నాడు.

మాట చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషిని నిలదీసే పాట అది. ఏడుపు ఎక్కడా లేదు. పళ్ళు కొరుకుతూ పాడాడు. మొదటి చరణం కత్తితో కోసినట్టు నడిచింది. రెండో చరణంలో పట్టేశాడు. దెబ్బ ఆలస్యం. రెండు వరసలు దాటాక మళ్ళీ ఆలస్యం. పాడుతూనే లోపల నవ్వుకున్నాడు. దొరికావురా అనుకున్నాడు. చివర గొంతు సాగదీసే చోట డ్రమ్ము ఆగాలి, ఆగకుండా ముందుకు పరిగెత్తింది. ఇది చేతకానితనం కాదు, కావాలని చేస్తున్నది. ఆ కోపంతో ఆఖరి వరసను చీల్చి పారేశాడు. ఇరవై ఏళ్ళుగా అలా పాడలేదు.

ఎర్ర దీపం ఆరింది. కూతురు లేచి తనే గదిలోకి వచ్చింది.

“విన్నావుగా,” అన్నాడు గాయకుడు, ఆమె నోరు తెరవకముందే. “మొదటి చరణం పర్వాలేదు. రెండోదాంట్లో రెండుచోట్ల ఆలస్యం. ఆఖరున నేను గొంతు సాగదీస్తుంటే ఆగకుండా పరిగెత్తాడు. పాట పాడుచేసైనా నా మీద కసి తీర్చుకోవాలని చూశాడు. పంపించెయ్ వాడిని. ఇప్పుడే, నా కళ్ళముందే.”

కూతురు అతని తల మీంచి హెడ్‌ఫోన్ తీసి స్టాండుకు తగిలించింది. చెవి దగ్గరికి వంగి, వినపడేలా గట్టిగా చెప్పింది.

“ఎవరిని పంపించను నాన్నా? నీకు వినిపించిన డ్రమ్ములు ఒక్క దెబ్బ కూడా తప్పని కంప్యూటర్‌వి. మామయ్య ఈ టేక్ మొదలుకాకముందే కారెక్కి వెళ్ళిపోయాడు.”