లిస్టులో లేని ప్యాకెట్లు

“మూడు నెలలుగా సరుకుల లిస్టులో నీ ప్యాకెట్లు రాయట్లేదేంటమ్మాయ్?”

అత్తగారు ఆ మాట కొడుకు ముందే అడిగేసింది. కోడలి చేతిలో పెన్ను ఆగిపోయింది. నెల మొదట్లో ముగ్గురూ కూర్చుని లిస్టు రాయడం ఆ ఇంటి అలవాటు. ఉప్పు, సబ్బులు, ఇదివరకైతే ఆ కిందే కోడలికి శానిటరీ ప్యాడ్లు నాలుగు ప్యాకెట్లు.

“మూడు నెలలా?” అన్నాడు మొగుడు. రోజంతా కరెంటు తీగలతో చెలగాటమాడే ఎలక్ట్రీషియన్ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. “ఇద్దరు చాలనుకున్నాం కదే. నేను జాగ్రత్తగానే ఉన్నానే.”

కోడలు గతుక్కుమంది. నిజం చెబితే కొంప మునుగుతుంది. నెలకు పది రోజులు రక్తం పోయి, టైలరింగ్ షాపులో బట్ట కత్తిరిస్తూ కళ్లు తిరిగి పడ్డ రోజున డాక్టరమ్మ గర్భసంచిలో హార్మోన్ లూప్ పెట్టించుకోమంది. మొగుడేమో, “ఆడవాళ్లన్నాక ఇవన్నీ మామూలే. ఒంట్లో అలాంటివి పెట్టించుకుంటే ఊరుకోను” అని తేల్చేశాడు. ఆమె గుట్టుచప్పుడు కాకుండా పెట్టించుకుంది. తెలిస్తే తీయించేదాకా నిద్రపోడు. అందుకే తల వంచుకుని ఊరుకుంది.

“చూశావా, సిగ్గు” అంది అత్తగారు. “ఒరేయ్, రేపట్నుంచి దాన్ని బరువులు ఎత్తనివ్వకు. ఆసుపత్రికి నేను తీసుకెళ్తాలే.”

ఇక చూడాలి ఆ మహానుభావుడి సేవ. నీళ్ల బకెట్లు మూడో అంతస్తుకి మోశాడు. బట్టలు ఆరేశాడు. పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఒకడి బూట్లు ఇంకొకడికి తొడిగాడు. గంటకోసారి “కళ్లు తిరుగుతున్నాయా?” అని ఆరా తీశాడు. ఒంట్లో రక్తం ఏడు పాయింట్లకు పడిపోయి నిజంగా కళ్లు తిరిగిన రోజుల్లో ఒక్కసారీ అడగని మనిషి, ఇప్పుడు పన్నెండు పాయింట్లతో ఆమె చకచకా మెట్లెక్కుతుంటే రెక్క పట్టుకుని ఆపాడు.

మూడు వారాలకు కోడలికి భయం పట్టుకుంది. రాని కడుపుని ఎన్నాళ్లని చూపిస్తుంది? మొగుడు పనికి వెళ్లగానే అత్తగారి పక్కన చేరింది.

“అత్తయ్యా, నాకు కడుపూ లేదు, ఏమీ లేదు. లూప్ పెట్టించుకున్నాను. అది పిల్లలు పుట్టకుండా ఆపడమే కాదు, లోపల కొద్దికొద్దిగా మందు వదులుతూ రక్తం పోవడం తగ్గిస్తుంది. కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుందట, భయమేం లేదంది డాక్టరమ్మ. నాకు ప్రాణం లేచొచ్చింది. తీయించెయ్యమని మాత్రం అనకండి.”

చెబుతూనే ఏడ్చేసింది.

అత్తగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. “తెలుసు. డాక్టరు రాసిచ్చిన చీటీ నీ చీరల మధ్య చూసి ఆర్నెల్లయింది.”

కోడలు నోరు వెళ్లబెట్టింది. “మరి ఆ రోజు ఆయన ముందు నన్నలా నిలదీశారేంటి?”

“వాడు వినాలనే” అంది అత్తగారు. “ఇంకో నెల నోరు మెదపకు, రేపట్నుంచి వాడికి వంట నేర్పుతున్నాను.”