పురిటిమెట్ట

"రానీ నేదు, గీనీ నేదు బాబూ. ఆ యమ్మ షావుకారు గారింటి కోడలు."

మైకు ముందు చంద్రమౌళి మాట ఆగిపోయింది.

అప్పుడే శిలాఫలకం మీద తెర తీశారు. 'రాణీగారి పురిటిమెట్ట' అన్న అక్షరాలు ఎండకి మెరుస్తున్నాయి. గజపతినగరం దాటాక సాలూరు వెళ్లే రోడ్డు పక్కనున్న చిన్న రాళ్లగుట్ట అది.

చంద్రమౌళి చరిత్ర లెక్చరరు. జిల్లాలో ఏ ఊరికి ఏ పేరు ఎందుకొచ్చిందో తవ్వి తియ్యడమంటే అతనికి ప్రాణం. బొబ్బిలి యుద్ధం నాడు పారిపోయి వచ్చిన ఓ రాణి ఈ గుట్ట చాటున ప్రసవించిందని, అందుకే జనం దీన్ని పురిటిమెట్ట అంటారని అతను తేల్చాడు. పాత పటాల్లో ఎక్కడా ఆ పేరు లేదు. పటాలు గీసిన తెల్లవాళ్లు పట్టించుకోలేదులే అని సరిపెట్టుకున్నాడు.

ఆ మాటన్న ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. చేతిలో కర్ర. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము.

"ఏటే ముసలమ్మా, పెద్దోలు మాట్లాడతన్నారు. ఎనక్కెల్లి కూకో" అన్నాడు సర్పంచి లక్ష్మణరావు.

"కూకుంటాను గానీ, ఒక్క మాట. ఆ యమ్మకి నొప్పులొచ్చీసినాయి. బస్సు ఆగిపోనాది. ఒకటే వోన. నాను కట్టెలకొచ్చి ఇక్కడే ఉన్నాను. నానే పురుడు పోసినాను. అప్పుట్నుంచే మా ఆడోలందరం దీన్ని పురిటిమెట్ట అన్నాం."

"రాణీగారు బస్సెక్కినారేటే?" అన్నారెవరో వెనకనుంచి.

నవ్వులు.

చంద్రమౌళికి చిరాకేసింది. ఎదురుగా పేపరువాళ్లు కూర్చున్నారు. ముఖాన చిరునవ్వు పులుముకున్నాడు.

"నువ్వు చెప్పేది ఇంకో గుట్ట అయ్యుంటుందమ్మా. ఇది చరిత్ర."

"ఈ గుట్టే బాబూ."

అంతే. ఆమె వాదించలేదు.

"పేరుకేటి, మీకు నచ్చినది ఎట్టుకోండి. నానొచ్చింది ఇంకోటి అడగడానికి. సదూకున్న బాబు దీని సంగతంతా ఆరా తీసినాడని ఇన్నాను. ఆ పిల్లడు బతికినాడా?"

"ఏ పిల్లాడు?"

"ఇక్కడ పుట్టినోడు. ఆల్లు లారీ ఎక్కించుకుని ఇజీనారం ఎల్లిపోనారు. బతికినాడో నేదో నాకు ఇప్పటికీ తెల్దు."

చంద్రమౌళి మైకులోనే జవాబిచ్చాడు.

"రెండొందల యాభై ఏళ్లు దాటిపోయిందమ్మా. ఎంత గట్టి పిల్లాడైనా ఇంకా ఎలా ఉంటాడు?"

జనం గొల్లున నవ్వారు.

ముసలమ్మ నవ్వలేదు. అతని ముఖంలోకి కాసేపు చూసింది.

"అయితే నీకూ తెల్దన్నమాట."

ఎవరో పులిహోర పొట్లం ఇవ్వబోయారు. వద్దన్నట్టు చెయ్యి ఊపి, కర్ర పోటేసుకుంటూ రోడ్డెక్కేసింది.

సాయంత్రం చంద్రమౌళి ఇంటికొచ్చేసరికి కిరాణా కొట్టు వెనక వసారాలో తల్లి సూర్యకాంతం చేటలో చోళ్లు చెరుగుతోంది. తండ్రి పోయాక కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు. పొద్దుట సభ అని చెప్పాడే గానీ ఎక్కడో, దేనిగురించో ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు పక్కన కూర్చుని, దండల దగ్గర్నుంచీ అన్నీ చెప్పుకొచ్చాడు. ముసలమ్మ సంగతి చెబుతూ తనే పడీపడీ నవ్వాడు.

చేట ఆగిపోయింది.

"పిల్లడు బతికినాడా అనడిగిందా?"

"ఆఁ. ఎక్కడో మతి తప్పిన మనిషిలే."

"పేరేటంది?"

"అడగలేదు."

"ఏ ఊరంది?"

"అదీ అడగలేదమ్మా."

"గుట్టకీ గెడ్డకీ పేరడిగి వస్తావు. మనిషి పేరు అడగాలనిపించలేదేట్రా?"

తల్లి అలా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు. ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది.

"ఆ సర్పంచికి ఫోను చెయ్యి."

చేశాడు.

"ఆ ముసలిదా? మా ఊరి మనిషి కాదు సార్" అన్నాడు లక్ష్మణరావు. "ఒడిశాలో ఎక్కడో కూతురు కాడ ఉంటాదంట, టీకొట్టు కాడ అన్నాదంట. మజ్జాన్నమే రాయగడ బస్సెక్కీసినాది. పేరెవులికీ తెల్దు."

సూర్యకాంతం మంచం పట్టె మీద కూలబడింది.

"ఎందుకమ్మా ఇంత కంగారు? ఏదో పిచ్చిది వాగితే..."

"పిచ్చిదనకు."

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ బస్సులో ఉన్నది నేనే."

చంద్రమౌళికి అర్థం కాలేదు.

"పురిటికి సాలూరు మా అమ్మోళ్లింటికి బయల్దేరినాను. మీ నాయనమ్మ తోడొచ్చింది. దార్లోనే నొప్పులు. వానలో ఆ గుట్ట చాటుకి దింపేసినారు."

"నేను విజయనగరం ఆసుపత్రిలో పుట్టానన్నావు."

"తీసుకెళ్లింది అక్కడికే. కట్టెలు కొట్టుకునే మనిషి చేతుల్లో, రోడ్డు పక్కన పుట్టాడంటే పరువు పోతుందని మీ నాయనమ్మ నా చేత ఒట్టేయించుకుంది. ఆవిడ పోయినా నేను నోరు విప్పలేకపోయాను."

"అమ్మా..."

"కమిలిపోయి పుట్టినావు. కదలికే లేదు. మీ నాయనమ్మ గుడ్డ కప్పేయమంది. ఆ యమ్మ వినలేదు. నిన్ను లాక్కుని, నీ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఊదతానే ఉంది. లారీ ఆగితే, నిన్ను నా ఒళ్లో పెట్టి ఎక్కించింది."

సూర్యకాంతం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు మొదటిసారి ఏడ్చింది లారీ కదిలిపోయాకరా. ఆ ఏడుపు ఆమె వినలేదు."