పేరు మార్చకండి

“నా పేరు దుర్గాశ్రీ అండి. మార్చకండి, ఆయ్!”

టేబుల్ మీద రికార్డు చేస్తున్న ఫోను మీదకి వంగి మరీ చెప్పింది దుర్గాశ్రీ. పక్కన అత్తగారు అచ్చాయమ్మ, పెళ్ళిళ్ళకి తప్ప తియ్యని పట్టుచీర కట్టుకుని, ఫొటో ఎప్పుడు తీస్తారా అని కొంగు సర్దుకుంటోంది. గాలికి మాటలు కొట్టుకుపోతాయని అమలాపురం గడియార స్తంభం దగ్గరి ఆ కాఫీ హోటల్లో ఫ్యాను కూడా ఆపించేసింది ఆవిడ.

దాంతో ఎదురుగా కూర్చున్న లక్ష్మీతులసికి చెమటలు కారుతున్నాయి. తను జర్నలిస్టునని, కాలేజీ పిల్లలకి వ్యాసాలూ ప్రాజెక్టులూ రాసిపెట్టే కంపెనీల గుట్టు తెలిసినవాళ్ళు మాట్లాడితే వింటానని, పేరు మాత్రం పొరపాటున కూడా బయటపెట్టనని ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టిందా అమ్మాయి. చదివినవాళ్ళంతా గప్‌చుప్‌గా ఉంటే, అల్లవరం నుంచి దుర్గాశ్రీ ఒక్కతే ఎగిరి గంతేసింది.

“ఎవరైనా పేరు దాచమంటారండీ. మీరేంటి, వెయ్యమంటారు? ఉద్యోగం పోదా?” అంది లక్ష్మీతులసి.

“పోతే పోద్దండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ రాస్తానే ఉన్నాను. కింద ఎవరి పేరో ఉంటది, నాది ఉండదు. ఆమధ్య నేను రాసిన వ్యాసానికి బంగారు పతకం కూడా ఇచ్చేరండి!”

“మీకా?”

“నాకెందుకిస్తారండీ! ఎవరో అబ్బాయికి. పేపర్లో అతని ఫొటో చూసి నేను పరమాన్నం వండేను. మా ఆయనగారు రొయ్యల చెరువు కాడ నుంచి వచ్చి, ‘ఎవరి పుట్టినరోజే ఇవాళ?’ అన్నారు. ఏం చెప్పమంటారు?”

అచ్చాయమ్మ ఫోనుకేసి జరిగింది. “మా కోడలు కంప్యూటర్లో మేత బస్తాల లెక్కలు కొడతందనుకుంటన్నారమ్మా ఊళ్ళో. దీని పేరు అచ్చులో పడిందంటే, పటం కట్టించి గుమ్మానికి తగిలిస్తాను. ఆయ్!”

లక్ష్మీతులసి తన ఫోనులోకి చూసి తరవాతి ప్రశ్న చదివింది. “ఇది తప్పనిపించదా మీకు?”

దుర్గాశ్రీ కాఫీ కప్పు పక్కకి జరిపింది.

“అనిపిస్తదండి. అందుకే పేరు వెయ్యమంటన్నాను. తప్పో ఒప్పో, ఇది నేను రాసేనని ఎక్కడో ఓచోట ఉండాలి కదండీ. లేకపోతే నేను ఉన్నట్టా, లేనట్టా?”

ఆ మాటకి లక్ష్మీతులసి తల దించుకుంది. “ఎలాంటివి రాస్తుంటారు?” అంది.

“అలాంటివీ ఇలాంటివీ అని లేదండి. ఈత రానివాళ్ళ పేరున సముద్రం గురించి రాసేను. పెళ్ళి కానివాళ్ళ పేరున కాపురాల గురించి రాసేను. తెలుగు పని ఎవరిదొచ్చినా నా నెత్తికే. మా కంపెనీలో తెలుగు రాసేదాన్ని నేనొక్కదాన్నే మరి.”

“రాసిచ్చాక పిల్లలేమంటారు, బాగుందంటారా?”

“అసలు చదవరండి! చదివేవాళ్ళయితే వాళ్ళే రాసుకుందురుగా!”

లక్ష్మీతులసికి కాఫీ పొలమారింది. అచ్చాయమ్మ లేచి నెత్తిమీద తట్టింది. ఊపిరి తిప్పుకుని ఆ అమ్మాయి మళ్ళీ ఫోనుకేసి చూసింది.

“ఇంకొంచెం మాట్లాడండి. అరగంట ఉండాలట.”

“ఎవరన్నారండీ?”

“మా పైవాళ్ళు.”

దుర్గాశ్రీకి అంతకన్నా ఏం కావాలి? అరగంట కాస్తా గంట చేసింది. చివరికి గొంతు తగ్గించి అసలు సంగతి అడిగింది.

“అయితే నా పేరు వేస్తారుగా?”

లక్ష్మీతులసి నసిగింది. “మాట్లాడించడం వరకే నా పనండీ. రాసేది వేరేవాళ్ళు. పేరు ఉంచడం, మార్చడం వాళ్ళ చేతిలో ఉంటుంది.”

“ఇదేం చోద్యం! వినేది మీరూ, రాసేది ఇంకోళ్ళూనా?”

“ఈ రోజుల్లో అంతేనండీ.”

దుర్గాశ్రీ మొహం చిన్నబోయింది. అచ్చాయమ్మ మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. సంచిలోంచి పూతరేకుల పొట్లం తీసి ముందుకు తోసింది.

“ఆ రాసేవాళ్ళెవరో, ఇవి వాళ్ళకియ్యమ్మా. మా కోడలి పేరు తియ్యొద్దన్నానని చెప్పు. ఆ చేతులకి నా దణ్ణాలు.”

“వాళ్ళెవరో నాకూ తెలీదండీ,” అని పొట్లం వెనక్కిచ్చేసి, బస్సు టైమైందంటూ వెళ్ళిపోయింది లక్ష్మీతులసి. ఫొటో అయినా తియ్యలేదు.

ఆటోలో అల్లవరం వెళ్ళేదాకా అచ్చాయమ్మ చుట్టాలందరికీ ఫోన్లు కొడుతూనే ఉంది. దుర్గాశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన పేరు తన మాటల పక్కన చూసుకోవాలనుకుంది. అదీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దయ.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందో లేదో, కంపెనీలో పనులు పంచే సుధీర్ గారి నుంచి మెసేజు. ‘కాలేజీ ప్రాజెక్టు. తెలుగు. అర్జెంటు. ఆడియో పెట్టాను, విని రాసెయ్యండి.’

“మళ్ళీ ఎవరి పేరుకో ఊడిగం,” అని గొణుక్కుంటూ కంప్యూటరు ముందు కూర్చుంది.

అచ్చాయమ్మ చీర మార్చుకొచ్చి, పూతరేకు ఒకటి విప్పి కోడలి నోట్లో పెట్టింది. “రాసేవాళ్ళకని తీసుకెళ్ళేను. పోన్లే, నువ్వూ రాసేదానివేగా. తిను.”

దుర్గాశ్రీ నోటినిండా పూతరేకుతోనే ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఆడియో నొక్కింది.

“నా పేరు దుర్గాశ్రీ అండి. మార్చకండి, ఆయ్!”