దగ్గిన బండి

"శుక్రవారం పొద్దున్నే పాత సామాన్ల ఓబుళేశన్న లగేజీ ఆటో తెస్తాడు. ఆలోపల బండి లేపితే సరి. లేదంటే పాత ఇనుము కింద పోతాది," అంటూ మెహనాజ్ టార్పాలిన్ పట్ట లాగింది. పదకొండేళ్ల దుమ్ము ఒక్కసారిగా లేచింది. ఆమెకు దగ్గు ఆగలేదు.

అత్త మాబూబీ గబగబా వచ్చి సీసా మూత తీసింది. "దర్గాలో దువా చదివించిన నీళ్లు. రెండు గుటకలు తాగు, పోతాది."

మెహనాజ్ తాగింది. దగ్గు తగ్గింది. "చూసినావా!" అన్నట్టు మాబూబీ కొడుకు వైపు చూసింది.

ఉమర్ ఇదేమీ పట్టించుకోలేదు. అతని ముందు మోటార్ సైకిల్ రిపేరు పుస్తకాలు రెండున్నాయి. ఒకటి పలచటిది, తెలుగులో, నిండా బొమ్మలు. ఇంకోటి ఇటుకంత లావు, ఇంగ్లీషు. పాత పుస్తకాల అంగట్లో గంటసేపు నిలబడి, ఏది మంచిదో తేల్చుకోలేక రెండూ తెచ్చుకున్నాడు. కాలేజీ ఆఫీసులో ఫైళ్లు చూసే ఉమర్, పుస్తకం చూడనిదే గోడకు మేకు కూడా కొట్టడు. పైగా వీధి చివరి మెకానిక్ "దీన్ని ఎవురూ లేపలేరప్పా" అన్నప్పటి నుంచి అతనికి పంతం పట్టుకుంది.

"మీ నాయన ఒక్క తన్నుకే లేపుతాండె," అంది మాబూబీ, సీటు నిమురుతూ.

భర్త గౌస్ పీర్ పోయిన నాటి నుంచి బండి ఆ వసారాలోనే ఉంది. దాన్ని పంపేస్తే ఆయన్ని రెండోసారి పంపేసినట్టేనని మాబూబీ బాధ. ఆ చోట కుట్టుమిషన్ పెట్టుకోవాలని మెహనాజ్ ఆశ. ఇద్దరిదీ న్యాయమే. మధ్యలో నలిగేది ఉమర్.

మంగళవారం తెలుగు పుస్తకం గెలిచింది. ఉమర్ ట్యాంకు కడిగి ఎండబెట్టాడు. కార్బురేటర్ విప్పి జిగురంతా గీకాడు. కొత్త ప్లగ్గు బిగించి, రెండు లీటర్ల పెట్రోలు పోసి, సాయంత్రం కిక్కు కొట్టాడు. ముప్పయ్యో కిక్కుకు బండి ఖళ్లు ఖళ్లుమని నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

మాబూబీ కళ్లు తుడుచుకుంది. "అదే గొంతురా! మీ నాయన సందు తిరిగి వస్తాన్నట్లే ఉండాది. పాపం, దగ్గుతాండాది గానీ..."

"శానా దినాలకు లేచింది కదమ్మా. పొద్దున్నకు సర్దుకుంటాది."

బుధవారం పొద్దున ఆ దగ్గు కూడా రాలేదు. పుస్తకంలో బొమ్మ చూపినట్టు ట్యాంకులోంచి గాజుగ్లాసులోకి పట్టి చూశాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్లు.

"నీళ్లు యాడి నుంచి వచ్చినాయి?" అంది మెహనాజ్.

"బంకులోనే కలిసుంటాయి. అమ్మకు మాత్రం చెప్పొద్దు. ఆశ పెట్టుకుండాది, బెంగపడతాది."

అంతా వంచేసి, ఊరికి ఆ కొసనున్న ఇంకో బంకు నుంచి పెట్రోలు తెచ్చాడు. సాయంత్రం బండి ఏడుసార్లు దగ్గింది. గురువారం పొద్దున మళ్లీ మౌనం. మళ్లీ గ్లాసు, మళ్లీ అడుగున నీళ్లు.

"రెండు బంకులోళ్లూ మాట్లాడుకున్నారా ఏమి?" మెహనాజ్ నవ్వింది. ఉమర్‌కు నవ్వు రాలేదు. తెలుగు పుస్తకం పక్కన పడేసి ఇటుక పుస్తకం తెరిచాడు. ట్యాంకు వెలితిగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపల తేమ పట్టి నీరవుతుందట. నిండుగా పోయాలట.

"కడపలో, మే నెలలో, రాత్రి చల్లదనమా? ఆ రాసినాయన ఒక రాత్రి మన మిద్దె మీద పండుకోల్ల," అంది మెహనాజ్.

అయినా ఉమర్ ఉన్నదంతా వంచేసి, మూతి దాకా కొత్త పెట్రోలు పోశాడు. ఆ సాయంత్రం బండి అర నిమిషం పాటు దగ్గుతూనే ఆడింది. మాబూబీ రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. ఉమర్‌కు గుండె నిండిపోయింది.

శుక్రవారం పొద్దున వసారా అంతా పెట్రోలు వాసన. నిండు ట్యాంకు పొంగి పక్కలకు కారింది. గ్లాసులో చూస్తే అడుగున మళ్లీ నీళ్లే. ఉమర్ రెండు పుస్తకాలూ అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాడు. పెట్రోలు తెల్లారేసరికి ఎందుకు పొంగుతుందో ఏ పేజీలోనూ లేదు. తనకు పిచ్చి పడుతోందా, బండికి పట్టిందా అన్నది తేలక మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏమప్పా ఉమరూ, ఎత్తల్లా వద్దా?" అన్నాడు ఓబుళేశు, ఆటో ఆపి.

ఉమర్ ట్యాంకు ఖాళీ చేసి తలూపాడు. ఇద్దరూ కలిసి బండిని ఆటోలోకి ఎక్కించారు. ఉమర్ ఆ పుస్తకాలు కూడా దాని పక్కనే పడేశాడు. ఓబుళేశు తాడు బిగించాడు.

"ఆగప్పా, ఒక్క నిమిషం!"

మాబూబీ లోపలి నుంచి పరుగున వచ్చింది. ఆటోకు అడ్డం పడుకుంటుందేమోనని ఉమర్ ఆమెకు ఎదురు పోయాడు. ఆమె పడుకోలేదు. కొంగు చాటు నుంచి సీసా తీసింది. అలవాటైన చేత్తో ట్యాంకు మూత తిప్పింది.

"మూడు దినాలు తెల్లారకముందే దర్గాకు పోయి తెచ్చి తాపిస్తి, నీ దగ్గు పోకపాయె," అంటూ సీసా వంచింది. "ఈ మిగిలినవి గూడా తాగి పో, తండ్రీ!"